తరవాతి సంఖ్య ఏది? - సంఖ్యానుక్రమాల వినోద చరిత్ర

యూనిట్ - 7

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 ఛందస్సు చెప్పిన లెక్క
7.3 ఆవులు, కుందేళ్ళు, చదరంగపు గళ్ళు
7.4 భేదాల పద్ధతి - బాబేజ్ హెచ్చరిక
7.5 టపాలో నడిచిన గణితం
7.6 దేవలాలి ఉపాధ్యాయుడు
7.7 సేకరణల కాలం
7.8 వినోదం నుంచి పరీక్షకు
7.9 సారాంశం
7.10 ముఖ్య పదాలు
7.11 నమూనా పరీక్షా ప్రశ్నలు
7.12 'మీ ప్రగతిని సరిచూసుకోండి' - జవాబులు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
- సంఖ్యానుక్రమాల సమస్యలు ఏ ఏ అవసరాల నుంచి, ఏ ఏ వినోదాల నుంచి పుట్టాయో వివరించగలుగుతారు.
- విరహాంకుడు, నారాయణ పండితుడు, ఫిబొనాచ్చి ఇచ్చిన సమస్యలలోని పోలికలను, తేడాలను గుర్తించగలుగుతారు.
- భేదాల పద్ధతిని ఉపయోగించి ఒక అనుక్రమాన్ని పొడిగించగలుగుతారు.
- ఔత్సాహికుల సంఘాలు, పత్రికలు గణితాభివృద్ధికి చేసిన దోహదాన్ని అంచనా వేయగలుగుతారు.
- ఊహకు, నిరూపణకు మధ్య ఉన్న తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.

7.1 పరిచయం

2, 6, 12, 20, 30 - ఈ వరసలో తరవాతి సంఖ్య ఏది?

పోటీ పరీక్షల పుస్తకం ఏది తెరిచినా ఇటువంటి ప్రశ్నలు కనిపిస్తాయి. నాలుగు జవాబులు ఇస్తారు. నిమిషంలోపు ఒకదాన్ని ఎన్నుకోవాలి. మీలో చాలామంది 42 అని ఇప్పటికే చెప్పి ఉంటారు. 1×2, 2×3, 3×4 అనే వరసలో 6×7 రావాలి కాబట్టి ఆ జవాబు సమంజసమే.

అయితే ఈ రకమైన ప్రశ్నలు పరీక్షల కోసం పుట్టినవి కావు. పరీక్షలలోకి వచ్చి నూరేళ్ళు దాటింది, అంతే. అంతకుముందు అనేక శతాబ్దాలుగా మనుషులు వీటిని సరదాగా ఒకరికొకరు వేసుకొన్నారు. పద్యాల లెక్కలో, పశువుల లెక్కలో, చదరంగం బల్ల మీద, పంచాంగాల పుటలలో, టపాలో వచ్చే పత్రికలలో ఇవి నడిచాయి. పొడుపుకథ లాగానే దీనికీ ఇద్దరు కావాలి. ఒకరు వేయాలి, మరొకరు విప్పాలి. విప్పినవారు తరవాతి సంఖ్య చెప్పి ఊరుకొంటే సరిపోదు. వరస వెనక ఉన్న నియమం ఏమిటో, అది ఎందుకు నిలుస్తుందో చెప్పాలి. ఈ 'ఎందుకు' అన్న ప్రశ్న వల్లనే వినోదం గణితంగా ఎదిగింది. ఈ యూనిట్ అంతటా మనం పరిశీలించే విషయం ఇదే.

పాఠ్యపుస్తకాలలో 'అనుక్రమం' అని, వాడుకలో 'వరస' అని అనే మాటలను ఇక్కడ ఒకే అర్థంలో వాడుతున్నాం. అనుక్రమంలోని ఒక్కొక్క సంఖ్యను 'పదం' అంటారు.

7.2 ఛందస్సు చెప్పిన లెక్క

తెలుగు పద్యాలకు గణవిభజన చేసిన వారికి లఘువు, గురువు కొత్త కాదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. ప్రాచీన ఛందశ్శాస్త్రజ్ఞులు వీటి విషయంలో రెండు ప్రశ్నలు వేసుకొన్నారు.

మొదటి ప్రశ్న: అక్షరాల సంఖ్య ఇస్తే, లఘుగురువుల అమరికలు ఎన్ని? ఒక్కొక్క అక్షరానికి రెండు అవకాశాలు ఉన్నాయి కాబట్టి 2, 4, 8, 16 అని రెట్టింపవుతూ పోతాయి. మూడక్షరాల గణాలు య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిదే కావడానికి కారణం ఇదే. ఇటువంటి లెక్కలకు మూలం పింగళుని ఛందశ్శాస్త్రంలో ఉంది.

రెండవ ప్రశ్న: మాత్రల సంఖ్య ఇస్తే అమరికలు ఎన్ని? ఇది కొంచెం చిక్కుది. లఘువును 'ల' అని, గురువును 'గ' అని గుర్తించి రాసి చూద్దాం.

1 మాత్ర: ల - మొత్తం 1
2 మాత్రలు: లల, గ - మొత్తం 2
3 మాత్రలు: లలల, లగ, గల - మొత్తం 3
4 మాత్రలు: లలలల, లలగ, లగల, గలల, గగ - మొత్తం 5

నాలుగు మాత్రల వరసలోని అయిదింటిని ఒకసారి పరిశీలించండి. అవి వరసగా నల, స, జ, భ, గగ. కందపద్యంలో వాడదగిన గణాలు ఇవే. అంటే, నాలుగు మాత్రలతో ఎన్ని అమరికలు సాధ్యమో అన్నింటినీ కందం స్వీకరించింది, ఒక్కటి కూడా మిగల్చలేదు. బడిలో కంఠస్థం చేసిన పట్టిక వెనక ఇటువంటి లెక్క ఉంది.

1, 2, 3, 5 తరవాత ఎంత? 8. ఎందుకు? అయిదు మాత్రల అమరిక ఏదైనా లఘువుతోనో గురువుతోనో ముగియాలి. లఘువుతో ముగిస్తే దాని ముందు నాలుగు మాత్రలు ఉంటాయి, వాటికి 5 అమరికలు. గురువుతో ముగిస్తే ముందు మూడు మాత్రలు ఉంటాయి, వాటికి 3 అమరికలు. మొత్తం 8. ఇదే వాదం ఎన్ని మాత్రలకైనా వర్తిస్తుంది. కాబట్టి ప్రతి పదం దాని ముందున్న రెండు పదాల మొత్తం అవుతుంది: 1, 2, 3, 5, 8, 13, 21...

ఈ నియమాన్ని విరహాంకుడు తన ప్రాకృత ఛందోగ్రంథంలో పేర్కొన్నాడు. తరవాత గోపాలుడు, 1150 ప్రాంతంలో గుజరాత్‌కు చెందిన జైన పండితుడు హేమచంద్రుడు దీన్ని వివరించారు. వీరెవరూ 'తరవాతి సంఖ్య ఏది' అని ఊహించే పద్ధతిలో వెళ్ళలేదు. లెక్కించవలసిన వస్తువు వారి ముందు ఉంది, దాని నుంచే నియమం వచ్చింది. నియమం ముందుగా తెలిస్తే తరవాతి సంఖ్యపై సందేహానికి తావు ఉండదు.

7.3 ఆవులు, కుందేళ్ళు, చదరంగపు గళ్ళు

పైన చెప్పిన వరస ఐరోపాలో మరో వేషంలో కనిపించింది. పీసా నగరానికి చెందిన లియొనార్డో (ఫిబొనాచ్చి) 1202లో రాసిన 'లిబెర్ అబాచీ'లో కుందేళ్ళ సమస్య ఉంది. ఒక జత కుందేళ్ళు నెలనెలా మరో జతను కంటాయి. ఆ పిల్లలు రెండో నెల నుంచి తామూ కంటాయి. ఏడాది చివరికి ఎన్ని జతలు? జవాబు 377. ఆ పుస్తకం ప్రధానంగా హిందూ - అరబిక్ అంకెలను, వ్యాపార గణితాన్ని పరిచయం చేయడానికి రాసింది. మధ్యలో పాఠకుడికి ఊరటగా వచ్చిన చిన్న సమస్య చివరికి రచయిత పేరును నిలబెట్టింది. ఆ వరసకు ఫిబొనాచ్చి పేరు పెట్టింది 19వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకా.

మన దేశంలో నారాయణ పండితుడు 1356లో రచించిన 'గణితకౌముది'లో ఆవుల సమస్య ఉంది. ఒక ఆవు ఏడాదికి ఒక పెయ్యను ఈనుతుంది. ప్రతి పెయ్య నాలుగో ఏడు నుంచి తానూ ఏడాదికొక పెయ్యను ఈనుతుంది. ఇరవై ఏళ్ళకు మంద ఎంత?

మొదటి ఏడు 2, రెండో ఏడు 3, మూడో ఏడు 4. నాలుగో ఏడు మొదటి పెయ్య కూడా ఈనుతుంది కాబట్టి 6. ఆ తరవాత 9, 13, 19, 28, 41, 60... ఇక్కడ నియమం ఏమిటి? ఈ ఏటి మంద = పోయిన ఏటి మంద + మూడేళ్ళ కిందటి మంద. ఎందుకంటే ఈ ఏడు ఈనగలిగినవి మూడేళ్ళ కిందటికే మందలో ఉన్నవి మాత్రమే. అలా లెక్కిస్తూ పోతే ఇరవయ్యో ఏటికి 2,745 వస్తుంది. కుందేళ్ళ కథలో పెరిగే వ్యవధి ఒక నెల, ఆవుల కథలో అది మూడేళ్ళు. వ్యవధి మారితే వరస మారింది. కాని ఆలోచనాపద్ధతి ఒక్కటే.

మూడవ కథ చదరంగానిది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్ళలో రెట్టింపు చేస్తూ గింజలు పెట్టమని కోరిన కథ మీరు వినే ఉంటారు. మొత్తం గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. ఈ సంఖ్యను తెలుగులో ఒక పద్యంలో ఇమిడ్చారు. మహావీరాచార్యుని 'గణితసార సంగ్రహా'న్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరుతో ఆ పద్యం ప్రసిద్ధం. చంద్రుడు అంటే 1, వేదాలు అంటే 4, బాణాలు అంటే 5, గిరులు అంటే 7, ఆకాశం అంటే 0. ఇలా పదాలతో అంకెలను చెప్పే పద్ధతిని భూతసంఖ్యా పద్ధతి అంటారు. ఇందులో అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. ఇరవై అంకెల సంఖ్యను గుర్తుంచుకోవడం కష్టం, పద్యాన్ని గుర్తుంచుకోవడం తేలిక. సభలో ఒకరు పద్యం చదివితే మరొకరు సంఖ్యను విప్పవచ్చు. లెక్క, కవిత్వం, పొడుపు మూడూ ఒకచోట చేరిన సందర్భం ఇది.

లూకా 1883లో 'హనోయి గోపురం' అనే ఆటవస్తువును విడుదల చేశాడు. మూడు కడ్డీల మధ్య బిళ్ళలను ఒక్కొక్కటిగా మార్చాలి. చిన్న బిళ్ళ మీద పెద్దది పెట్టరాదు. బిళ్ళలు 1, 2, 3, 4 అయితే కావలసిన కనీస ఎత్తులు 1, 3, 7, 15. బిళ్ళలు 64 అయితే? చదరంగపు గింజల సంఖ్యే మళ్ళీ వస్తుంది. ఎక్కడో మొదలైన రెండు ఆటలు ఒకే సంఖ్య దగ్గర కలుసుకోవడం ఈ వినోదంలోని పెద్ద ఆకర్షణ.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1. ఆరు మాత్రలకు లఘుగురువుల అమరికలు ఎన్ని?
2. నారాయణ పండితుని మంద పదకొండో ఏటికి ఎంత?

7.4 భేదాల పద్ధతి - బాబేజ్ హెచ్చరిక

ఇంతవరకు చూసిన వరసల వెనక ఒక కథ ఉంది. కథ లేకుండా కేవలం అంకెలు ఇస్తే ఏం చేయాలి? దీనికి పాత, నమ్మదగిన సాధనం భేదాల పద్ధతి. పక్కపక్క పదాల తేడాలను కింది వరసలో రాయాలి. ఆ తేడాల తేడాలను మరో వరసలో రాయాలి. ఏదో ఒక వరసలో అన్నీ సమానమైతే, అక్కడి నుంచి కూడుకొంటూ పైకి రావచ్చు.

ఉదాహరణ:
అనుక్రమం: 41, 43, 47, 53, 61, 71
మొదటి భేదాలు: 2, 4, 6, 8, 10
రెండవ భేదాలు: 2, 2, 2, 2

కాబట్టి తరవాతి మొదటి భేదం 12, తరవాతి పదం 83. ఇందులో గుణకారం లేదు, కూడికే ఉంది. కూడిక మాత్రమే అయితే యంత్రం కూడా చేయగలదు. చార్లెస్ బాబేజ్ 1822లో లండన్‌లో తయారుచేసిన చిన్న నమూనా యంత్రం సరిగ్గా ఈ వరసనే లెక్కించింది. భేద యంత్రం అనే పేరు ఈ పద్ధతి నుంచే వచ్చింది.

ఈ వరసకు మరో విశేషం ఉంది. 41, 43, 47, 53, 61, 71, 83 అన్నీ ప్రధాన సంఖ్యలే. ఆయిలర్ 18వ శతాబ్దంలోనే దీన్ని గమనించాడు. వరసగా 40 పదాల దాకా అన్నీ ప్రధాన సంఖ్యలే వస్తాయి. 41వ పదం 1681. అది 41×41, ప్రధాన సంఖ్య కాదు. నలభైసార్లు నిలిచిన ఊహ నలభై ఒకటోసారి తప్పింది.

బాబేజ్ 1837లో ప్రచురించిన ఒక గ్రంథంలో ఇటువంటి హెచ్చరికనే మరింత గట్టిగా చేశాడు. ఒక యంత్రం 1, 2, 3, 4 అంటూ సంఖ్యలను చూపుతోందని ఊహించుకోమన్నాడు. అది పది కోట్ల ఒకటి దాకా క్రమం తప్పలేదు. చూస్తున్నవాడు తరవాతిది 10,00,00,002 అని ధీమాగా చెబుతాడు. యంత్రం 10,00,10,002 చూపుతుంది. ఆ తరవాత 10,00,30,003, ఆపైన 10,00,60,004. యంత్రం చెడిపోలేదు. మొదటి నుంచీ దానిలో అమర్చిన నియమమే అది. చూసేవాడికి తెలిసినది నియమంలో ఒక భాగం మాత్రమే. పది కోట్ల ఉదాహరణలు చూసినా నియమం తెలిసినట్లు కాదని బాబేజ్ చూపించాడు. తన ఇంట జరిగే విందులకు వచ్చిన అతిథులకు కూడా ఆయన తన యంత్రంలో పూర్తయిన భాగాన్ని ఇష్టంగా చూపేవాడు.

7.5 టపాలో నడిచిన గణితం

సమస్యలు వేసుకోవడానికి మనుషులు ఎదురెదురుగా కూర్చోనవసరం లేదు. ఇంగ్లండ్‌లో 1704లో 'లేడీస్ డైరీ' అనే వార్షిక పంచాంగం మొదలైంది. అందులో గణిత సమస్యలు అచ్చయ్యేవి. పాఠకులు పంపిన సాధనలు మరుసటి ఏటి సంచికలో వచ్చేవి. స్త్రీలు కూడా సమస్యలు వేశారు, విప్పారు. దాని సంపాదకులలో థామస్ సింప్సన్ నేతపని చేసినవాడు. చార్లెస్ హటన్ చిన్నతనంలో బొగ్గుగనిలో పనిచేసినవాడు. విశ్వవిద్యాలయం గడప తొక్కని వారికి ఇటువంటి పత్రికలే తరగతి గదులు.

మన దేశంలో ఇటువంటి ప్రయత్నానికి బీజం అనంతపురం జిల్లా గుత్తిలో పడింది. అక్కడ డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్‌కు గణితమంటే ప్రాణం. విదేశీ గణిత గ్రంథాలు, పత్రికలు ఒక్కరు కొనుక్కోవడం కష్టం. నలుగురూ కలిసి తెప్పించుకొని, టపా ద్వారా ఒకరి నుంచి ఒకరికి పంపుకొంటే అందరికీ అందుతాయి. ఈ ఆలోచనతో ఆయన మిత్రులకు లేఖలు రాశారు. 1907 ఏప్రిల్‌లో ఇరవై మంది సభ్యులతో 'అనలిటిక్ క్లబ్' ఏర్పడింది. అదే తరవాత ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. పుస్తకాలు టపాలో వస్తే ఇంట్లో చదువుకోవడం మీకు తెలిసిన అనుభవమే. మన గణిత సంఘం పుట్టుక కూడా అలాగే జరిగింది.

1909లో సంఘం పత్రిక మొదలైంది. అందులో సభ్యులు ఒకరికొకరు వేసే ప్రశ్నల విభాగం ఉండేది. 1910లో ఒక యువకుడు ఉద్యోగం కోసం తన నోటు పుస్తకాలతో రామస్వామి అయ్యర్ దగ్గరకు వెళ్ళారు. ఆయనే శ్రీనివాస రామానుజన్. ఆ పుస్తకాలు చూసిన అయ్యర్ ఆయనను చిన్న గుమాస్తా పనిలో పెట్టడానికి మనసొప్పక, మద్రాసులోని గణితాభిమానులకు పరిచయ లేఖలు ఇచ్చి పంపారు. 1911 నుంచి రామానుజన్ ఆ పత్రికకు ప్రశ్నలు పంపసాగారు. మొత్తం యాభైకి పైగా పంపారు.

తొలి ప్రశ్నలలో ఒకటి ఇది. దీని విలువ ఎంత?

√(1 + 2√(1 + 3√(1 + 4√(1 + ...))))

నెలలు గడిచినా పాఠకుల నుంచి సాధన రాలేదు. దీన్ని ఒక అనుక్రమంగా చూద్దాం. మొదటి మెట్టు దగ్గర ఆపితే √(1+2), అంటే సుమారు 1.73. రెండో మెట్టు దగ్గర ఆపితే √5, సుమారు 2.24. మూడో మెట్టుకు 2.56. నాలుగో మెట్టుకు 2.76. పదాలు పెరుగుతున్నాయి, కాని పెరుగుదల తగ్గుతోంది. ఎక్కడికి చేరుతున్నాయి? రామానుజన్ చూపిన దారి ఆశ్చర్యపరిచేటంత తేలిక:

3 = √9 = √(1 + 2×4)
4 = √16 = √(1 + 3×5)
5 = √25 = √(1 + 4×6)

మొదటి పంక్తిలోని 4 స్థానంలో రెండో పంక్తిని, అందులోని 5 స్థానంలో మూడో పంక్తిని ఉంచుతూ పోండి. ప్రశ్నలోని రూపమే వస్తుంది. జవాబు 3. ఆపకుండా ఇలా విస్తరించవచ్చా అన్న దానికి మరింత పకడ్బందీ నిరూపణ కావాలి. అది తరవాతి వారు ఇచ్చారు. ఇక్కడ గమనించవలసినది, ఉద్యోగం, పట్టా లేని యువకుడి ప్రశ్నను ఆ పత్రిక నిస్సంకోచంగా అచ్చు వేసింది. అడిగినవారి హోదా కంటే ప్రశ్న ముఖ్యమైంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
3. 4, 7, 12, 19, 28 - భేదాల పద్ధతిలో తరవాతి పదం కనుక్కోండి.
4. అనలిటిక్ క్లబ్ ఏ అవసరం నుంచి పుట్టింది?

7.6 దేవలాలి ఉపాధ్యాయుడు

అన్ని వేళలా ఇటువంటి ఆదరణ దొరకలేదు. దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ (1905-1986) మహారాష్ట్రలోని నాసిక్ దగ్గర దేవలాలిలో 1930 నుంచి 1962 వరకు బడిపంతులుగా పనిచేశారు. ఆయనకు పరిశోధక పట్టా లేదు. అంకెలతో ఆడుకోవడం ఆయన నిత్యకృత్యం. బొంబాయికి సమీపంలోని రైల్వేస్టేషనులో ఆలోచన తట్టిందని ఒక రకం సంఖ్యలకు ఆ స్టేషను పేరు మీదుగా 'డెమ్లో సంఖ్యలు' అని పేరు పెట్టారు. 1, 121, 12321, 1234321 వంటివి ఆ కోవలోనివి.

1949లో ఆయన కనుగొన్న విషయం ఇది. నాలుగంకెల సంఖ్యను తీసుకోండి. నాలుగూ ఒకే అంకె కాకూడదు. అంకెలను పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు పేర్చి, పెద్ద సంఖ్య నుంచి చిన్నదాన్ని తీసివేయండి. వచ్చినదానితో అదే పని మళ్ళీ చేయండి. 3524తో మొదలుపెడదాం:

5432 - 2345 = 3087
8730 - 0378 = 8352
8532 - 2358 = 6174
7641 - 1467 = 6174

6174 వచ్చాక అక్కడే ఆగిపోతుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లలోపు ఇక్కడికే చేరతాం. దీన్ని నేడు కాప్రేకర్ స్థిరాంకం అంటున్నారు.

ఆయన మరో ఆట: ఒక సంఖ్యకు దాని అంకెల మొత్తం కలపాలి. 23 నుంచి 28, దాని నుంచి 38, ఆపైన 49, 62. ఇలా ప్రతి సంఖ్యా మరో సంఖ్య నుంచి పుడుతుందా? పుట్టదు. 1, 3, 5, 7, 9, 20, 31, 42, 53 వంటివి ఏ సంఖ్య నుంచీ పుట్టవు. వీటికి ఆయన 'స్వయంభూ సంఖ్యలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

ఆనాటి మన గణిత పండితులలో చాలామంది వీటిని పిల్లల ఆటలుగా కొట్టిపారేశారు. ఆయన రచనలు పెద్ద పత్రికలలో అరుదుగా వచ్చాయి. చాలావాటిని చిన్న పుస్తకాలుగా సొంతంగా అచ్చు వేసుకొన్నారు. అయినా గణిత సమావేశాలకు వెళ్ళడం మానలేదు. 1975 మార్చిలో అమెరికన్ రచయిత మార్టిన్ గార్డ్‌నర్ 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలోని తన గణిత వినోదాల శీర్షికలో కాప్రేకర్ గురించి రాశాక ఆయన పేరు దేశదేశాలలో వినబడింది. అప్పటికి ఆయన వయసు డెబ్భై.

పండితుల అభ్యంతరాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. 6174 దశాంశ పద్ధతిలో రాయడం వల్ల వచ్చిన విశేషం. ఆధారం మారిస్తే అది ఉండదు. గణితంలోని లోతైన సిద్ధాంతాలతో దానికి దగ్గరి సంబంధం కనిపించలేదు. కాని ఒక ప్రశ్న లోతైనదా కాదా అన్నది దాన్ని విప్పి చూశాకే తెలుస్తుంది. కుందేళ్ళ లెక్క కూడా ఒకప్పుడు కాలక్షేపమే. ఇంకొక మాట. కాప్రేకర్ ఊహతో ఆగలేదు. నాలుగంకెల సంఖ్యలు పరిమితం కాబట్టి అన్నింటినీ పరిశీలించి తేల్చవచ్చు. ఇక్కడ నిరూపణ అందరికీ అందుబాటులో ఉంది.

7.7 సేకరణల కాలం

1964లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న నీల్ స్లోన్‌కు తన పనిలో 1, 8, 78, 944 అంటూ సాగే వరస ఎదురైంది. దాని నియమం ఇదివరకు ఎవరికైనా తెలుసా అని వెతకడానికి నిఘంటువు వంటిది లేదు. అందుకని ఆయనే కనిపించిన వరసలన్నీ కార్డుల మీద రాసి పెట్టుకోసాగారు. 1973లో 2,372 వరసలతో పుస్తకం వెలువడింది. పదాలను నిఘంటువులో అకారాది క్రమంలో వెతికినట్లు, ఇందులో వరసలను సంఖ్యల క్రమంలో వెతకవచ్చు.

ఆ తరవాత జరిగినది మన విషయానికి ముఖ్యం. పాఠకులు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. తాము ఎరిగిన వరసలు, దిద్దుబాట్లు పంపారు. 1990 నాటికి ఆ ఉత్తరాల కట్టలు ఒక ఘనపు మీటరును మించాయి. 1995లో సైమన్ ప్లూఫ్ తోడ్పాటుతో వచ్చిన రెండో గ్రంథంలో వరసల సంఖ్య అయిదు వేలు దాటింది. 1996 నుంచి ఈ సేకరణ ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంది. నేడు అందులో మూడున్నర లక్షలకు పైగా అనుక్రమాలు ఉన్నాయి. కాప్రేకర్ స్వయంభూ సంఖ్యలకు, నారాయణ పండితుని ఆవులకు కూడా అందులో చోటు ఉంది.

సరదా ప్రశ్న గణితంగా మారిన మరో ఉదాహరణ చూడండి: 1, 11, 21, 1211, 111221, 312211... ఎంత కూడినా, తీసివేసినా దీని నియమం దొరకదు. పైకి చదవాలి. '1'ని చూసి 'ఒకటి ఒక్కసారి' అంటే 11. దాన్ని చూసి 'రెండు ఒకట్లు' అంటే 21. దాన్ని చూసి 'ఒక రెండు, ఒక ఒకటి' అంటే 1211. కేంబ్రిడ్జ్ గణితవేత్త జాన్ కాన్వేకు ఇది ఒక విద్యార్థి ద్వారా తెలిసింది. ఆయన దీన్ని పొడుపుకథగా వదిలేయక, వరస ఎలా పెరుగుతుందో శోధించారు. పదాల పొడవు సగటున ప్రతి మెట్టులో సుమారు 1.3036 రెట్లు అవుతుందని, ఇటువంటి వరసలు చివరికి కొన్ని మూల ఖండాలుగా విడిపోతాయని 1986లో ప్రచురించిన వ్యాసంలో చూపారు. ఆ మూల ఖండాలలో 92 ముఖ్యమైన వాటికి రసాయన మూలకాల పేర్లు పెట్టారు.

7.8 వినోదం నుంచి పరీక్షకు

మొదటి ప్రపంచ యుద్ధంలో చేరిన అమెరికా 1917లో సైనికులను త్వరగా వర్గీకరించవలసి వచ్చింది. మనస్తత్వవేత్తలు 'ఆర్మీ ఆల్ఫా' అనే పరీక్షను తయారుచేశారు. అందులో ఒక భాగం సంఖ్యల వరసలను పూర్తిచేయడం. ఆ కార్యక్రమం కింద 17 లక్షల మందికి పైగా పరీక్షలు రాశారు. పెద్ద సంఖ్యలో జవాబులు దిద్దాలంటే ప్రతి ప్రశ్నకు ఒకే జవాబు ఉండాలి, సమయం తక్కువ ఉండాలి. అటువంటి పరీక్షల సంప్రదాయం నుంచే నేటి ఉద్యోగ పరీక్షల ప్రశ్నలు వచ్చాయి.

ఈ మార్పులో ఒకటి జారిపోయింది. పాత ఆటలో విప్పినవారు కారణం చెప్పాలి. పరీక్షలో గడి నింపితే చాలు. దీని పర్యవసానం ఒక ఉదాహరణతో చూద్దాం.

1, 2, 4, 8, 16 - తరవాత?

అందరూ 32 అంటారు. ఇప్పుడు ఒక వృత్తం గీయండి. వృత్తరేఖ మీద బిందువులు పెట్టి, ప్రతి రెండింటినీ సరళరేఖతో కలపండి. మూడు రేఖలు ఒకేచోట కలవకుండా చూసుకోండి. వృత్తం ఎన్ని ముక్కలవుతుంది? ఒక బిందువుకు 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. ఆరు బిందువులకు? గీసి లెక్కపెట్టండి. 31 వస్తుంది, 32 రాదు.

భేదాల పద్ధతిని అడిగితే ఏమంటుంది?

1, 2, 4, 8, 16
1, 2, 4, 8
1, 2, 4
1, 2
1

చివరి 1 స్థిరమనుకొని పైకి కూడుకొంటూ వస్తే 3, 7, 15, చివరికి 31. పద్ధతి కూడా 31నే ఇచ్చింది. అంటే 32 సరి, 31 తప్పు అనలేం. చదరంగపు గింజల వరస అయితే 32, వృత్తపు ముక్కల వరస అయితే 31. అయిదు సంఖ్యలు మాత్రమే ఇచ్చినప్పుడు తరవాతి స్థానంలో ఏ సంఖ్య వచ్చేలాగానైనా ఒక నియమాన్ని కల్పించవచ్చు. పరీక్షలో అడిగేది 'అన్నింటిలోకి సరళమైన నియమం ఏది' అని. అది ఒక ఒప్పందం. ఆ ఒప్పందాన్ని తెలుసుకొని పరీక్ష రాయడంలో తప్పు లేదు. ఆ ఒప్పందాన్నే గణితమని అనుకోవడం పొరపాటు.

కృత్యం: సంపర్క తరగతులకు వచ్చినప్పుడు నలుగురు కలిసి ఈ ఆట ఆడండి. వేసేవారు వరసలోని అయిదు పదాలను చెప్పి, నియమాన్ని ముందుగానే చీటీ మీద రాసి మడిచి పెట్టాలి. విప్పేవారు తరవాతి రెండు పదాలతోపాటు నియమాన్ని చెప్పాలి. చీటీలోని నియమం వేరైతే, రెండు నియమాలూ అయిదు పదాలకు సరిపోతున్నాయా అని అందరూ పరిశీలించాలి. రెండూ సరిపోతే ఇద్దరూ గెలిచినట్లే. ఆ రెండు వరసలు ఏ పదం దగ్గర విడిపోతాయో కనిపెట్టడం తరవాతి ఆట. తరగతులకు రాలేనివారు ఉత్తరం ద్వారానో, ఫోను ద్వారానో ఆడవచ్చు. గుత్తి నుంచి వెళ్ళిన లేఖలు కూడా దూరాన ఉన్నవారికే చేరాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 3
5. 1907తో మొదలుపెడితే 6174కు ఎన్ని మెట్లలో చేరతాం?
6. 312211 తరవాతి పదం ఏది?

7.9 సారాంశం

సంఖ్యానుక్రమాల సమస్యలు పరీక్షల కోసం పుట్టలేదు. భారతీయ ఛందశ్శాస్త్రజ్ఞులు మాత్రల అమరికలను లెక్కిస్తూ, ముందున్న రెండు పదాలను కూడే నియమాన్ని కారణంతో సహా కనుగొన్నారు. ఫిబొనాచ్చి కుందేళ్ళు, నారాయణ పండితుని ఆవులు, చదరంగపు గింజలు ఈ సంప్రదాయాన్ని కథలుగా జనంలోకి తెచ్చాయి. భేదాల పద్ధతి వరసలను పొడిగించే సాధనాన్ని ఇచ్చింది. ఎన్ని ఉదాహరణలు చూసినా నియమం తెలిసినట్లు కాదని బాబేజ్ హెచ్చరించాడు. 'లేడీస్ డైరీ', అనలిటిక్ క్లబ్ వంటివి పట్టాలతో నిమిత్తం లేకుండా ఔత్సాహికులను కలిపాయి. రామానుజన్ ప్రశ్నలకు అటువంటి చోటు దొరికింది. కాప్రేకర్‌కు గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. స్లోన్ సేకరణ ప్రపంచంలోని ఔత్సాహికుల శ్రమతో పెరిగింది. పరీక్షలు ఈ ఆటను ఒకే జవాబుకు కుదించాయి. 31, 32ల ఉదాహరణ, నియమం చెప్పకుండా ఇచ్చిన జవాబు అసంపూర్ణమని చూపుతుంది.

7.10 ముఖ్య పదాలు

అనుక్రమం: ఒక నిర్ణీత క్రమంలో అమర్చిన సంఖ్యల వరస.
భేదం: పక్కపక్క పదాల మధ్య తేడా.
భూతసంఖ్యా పద్ధతి: వస్తువుల పేర్లతో అంకెలను సూచించే ప్రాచీన పద్ధతి.
కాప్రేకర్ స్థిరాంకం: 6174.
నిరూపణ: ఒక నియమం అన్ని సందర్భాలలో నిలుస్తుందని తర్కంతో చూపడం.

7.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఛందశ్శాస్త్రంలో సంఖ్యానుక్రమం ఎలా ఏర్పడిందో ఉదాహరణలతో వివరించండి.
2. ఔత్సాహికుల సంఘాలు, పత్రికలు గణితానికి చేసిన సేవను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నారాయణ పండితుని ఆవుల సమస్యను, ఫిబొనాచ్చి కుందేళ్ళ సమస్యను పోల్చండి.
2. బాబేజ్ యంత్రం ఉదాహరణ ఊహకు, నిరూపణకు గల తేడాను ఎలా తెలుపుతుంది?
3. 'తరవాతి సంఖ్యకు ఒకే జవాబు ఉండదు' - ఒక ఉదాహరణతో సమర్థించండి.

7.12 'మీ ప్రగతిని సరిచూసుకోండి' - జవాబులు

1. 13 (8 + 5).
2. 88 (60 + 28).
3. 39. మొదటి భేదాలు 3, 5, 7, 9. రెండవ భేదాలు 2.
4. విదేశీ గణిత గ్రంథాలను, పత్రికలను కలిసి తెప్పించుకొని టపా ద్వారా పంచుకోవలసిన అవసరం నుంచి.
5. ఏడు మెట్లలో: 9531, 8172, 7443, 3996, 6264, 4176, 6174. ఇంతకంటే ఎక్కువ మెట్లు పట్టే సంఖ్య లేదు.
6. 13112221.